నాథూలా: తొందర పనికిరాని చోటు

గాంగ్‌టక్ సముద్రమట్టానికి 1,650 మీటర్ల ఎత్తున ఉంది. ఆంధ్రప్రదేశ్ మొత్తంలో ఎత్తయిన శిఖరం ఎక్కి నిలబడ్డా మనం దాదాపు అంతే ఎత్తులో ఉంటాం. తూర్పు కనుమలు అయిపోయే ఎత్తున సిక్కిం రాజధాని బజారు మొదలవుతుందన్నమాట. అక్కడి నుంచి తూర్పుగా 54 కిలోమీటర్లు వెళితే నాథూలా, భారత చైనా సరిహద్దు మీది కనుమ. ఎత్తు 4,310 మీటర్లు. మంచు కురవకుండా, సైనిక వాహనాల వరస ఎదురు రాకుండా ఉంటే జీపు సుమారు మూడు గంటల్లో చేరుస్తుంది. ఆ మూడు గంటల్లో మనిషి 2,660 మీటర్లు పైకి పోతాడు.

ఈ అధ్యాయం నిజానికి ఆ మూడు గంటల గురించే. ఇదే దారిన ఒకప్పుడు కంచరగాడిదల బిడారులు రోజుల తరబడి నడిచేవి. మధ్యలో మజిలీలు, మేత, నిద్ర. రోడ్డు పడ్డాక రోజులు గంటలయ్యాయి. కొండ మారలేదు, గాలి మారలేదు, మన ఊపిరితిత్తులూ మారలేదు. మారింది వేగం ఒక్కటే. నాథూలా దగ్గర సైన్యం, యాత్రికులు, పర్యాటకులు పడ్డ ఇక్కట్లలో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

ముందు కనుమ సంగతి. డోంగ్‌క్యా పర్వతశ్రేణి ఉత్తర దక్షిణాలుగా సాగుతూ సిక్కింను టిబెట్‌లోని చుంబీ లోయ నుంచి విడదీస్తుంది. ఆ శ్రేణిలో అక్కడక్కడా శిఖరాలు తగ్గి, రెండు కొమ్ముల మధ్య పల్లం పడుతుంది. నాథూలా అలాంటి పల్లం. కొద్ది కిలోమీటర్ల దక్షిణాన జెలెప్ లా, ఉత్తరాన చో లా ఇంకో రెండు. మైదానం నుంచి వచ్చినవాడికి నాథూలా ఆకాశంలో ఉన్నట్టుంటుంది గానీ కొండల లెక్కన అది దిగుడు చోటే. అందుకే మనుషులు అక్కడ దాటారు.

ఆ పల్లాన్ని తొలిచింది ప్రధానంగా మంచు. కొండ వాలు మీద పేరుకున్న మంచు హిమానీనదమై కదిలేటప్పుడు కింది రాతిని అరగదీసి, వెనక గోడను పెరికి, గిన్నెలాంటి గుంట చేస్తుంది. శ్రేణికి రెండు పక్కలా ఇలాంటి గుంటలు వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ వస్తే మధ్యలో మిగిలిన గట్టు సన్నబడి కుంగుతుంది. రాతిలో ముందే పగుళ్లుంటే పని ఇంకా తొందరగా అవుతుంది. నాథూలా దారిలో 3,753 మీటర్ల ఎత్తున ఉన్న ఛాంగూ సరస్సు కూడా హిమానీనదం పనే. జడలబర్రెల మీద కూర్చుని ఫొటోలు దిగేవాళ్లతో ఆ ఒడ్డు ఎప్పుడూ సందడిగా ఉంటుంది కాబట్టి, అది తవ్విన గుంట అన్న ఆలోచన చాలామందికి రాదు.

మంచు తవ్వాలంటే ముందు కొండ లేవాలి. భారత భూఫలకం ఉత్తరానికి జరిగి ఆసియాను ఢీకొనడం దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట మొదలైంది, ఇంకా ఆగలేదు. ఈ ఢీకొనడానికి మనకు తెలిసిన సాక్ష్యం ఒకటి సిక్కింలోనే ఉంది. దక్షిణ సిక్కింలో రంగీత్ నది లోయలో పై పొరలు కొట్టుకుపోయి కింది రాళ్లు బయటపడ్డ చోట బొగ్గు కనిపిస్తుంది. అది గోండ్వానా బొగ్గు. మన గోదావరి లోయలో సింగరేణి గనుల్లో తవ్వేదీ ఆ కాలపు బొగ్గే, పాతిక ముప్పై కోట్ల ఏళ్ల నాటిది. గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకుల అచ్చులు రెండు చోట్లా దొరికాయి. ఒకే నేల మీద పెరిగిన అడవులవి. ఆ నేల ఉత్తరపు అంచు ఆసియా కిందికి తోసుకుపోతూ మడతలు పడింది, పగిలింది, లోతున ఉడికిన రాళ్లు లేత రాళ్ల మీదికి ఎక్కి కూర్చున్నాయి. హిమాలయం పరాయి నేల కాదు. సింగరేణి ఉన్న పలకకే అది పైకి లేచిన అంచు.

ఇక సరిహద్దు. 1890 మార్చి 17న కలకత్తాలో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం, చైనా ప్రభుత్వం ఒక ఒడంబడిక రాసుకున్నాయి. టిబెట్‌ను ఎవరూ అడగలేదు, టిబెట్ దాన్ని ఒప్పుకోనూ లేదు. అందులో సిక్కిం సరిహద్దును ఒక భౌగోళిక సూత్రంతో చెప్పారు: తీస్తా నదిలోకి పారే నీళ్లను, టిబెట్ వైపు మోచూలోకి పారే నీళ్లను వేరు చేసే పర్వత శిఖర రేఖే హద్దు. జలవిభాజక రేఖ అని మనం చదువుకున్నది ఇదే. వాన చినుకు రేఖకు పడమట పడితే సిక్కింది, తూర్పున పడితే టిబెట్‌ది. కాగితం మీద ఇంత చక్కటి హద్దు ఇంకోటి ఉండదు. సర్వే రాళ్లు అక్కర్లేదు, నీళ్లే తీర్పు చెప్తాయి.

కానీ ఆ చినుకుల వెంట కొంచెం దూరం వెళ్లి చూడండి. పడమటి చినుకు వాగులు పట్టుకుని తీస్తాలో కలిసి, బెంగాల్ మైదానం దాటి, బంగ్లాదేశ్‌లో బ్రహ్మపుత్రలో పడుతుంది. తూర్పు చినుకు చుంబీ లోయలో అమో చూ అనే నది అవుతుంది. ఒడంబడికలోని మోచూ ఇదే. అది భూటాన్ గుండా దిగి, తోర్సా పేరుతో బెంగాల్లోకి వచ్చి, చివరికి అదే బ్రహ్మపుత్రలో కలుస్తుంది. రెండు సైన్యాలు కాపలా కాసే గట్టు మీద విడిపోయిన నీళ్లు మళ్లీ ఒకే నదిలో కలుస్తున్నాయి.  

అక్కడితోనూ ఆగదు. గంగా బ్రహ్మపుత్రలు వర్షాకాలంలో బంగాళాఖాతంలో గుమ్మరించే మంచినీరు, వానలు తగ్గాక తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహంతో ఒడిశా, ఆంధ్ర తీరాల మీదుగా దిగుతుంది. మన తూర్పు తీరపు జాలర్ల చేత క్రమం తప్పకుండా సముద్రపు నీటి నమూనాలు పట్టించి, వాటి ఉప్పదనం కొలిచి, శాస్త్రవేత్తలు 2014లో ఈ సంగతి ప్రచురించారు. సముద్రంలో నది పారుతోందని వాళ్లు దానికి పేరు పెట్టారు. నాథూలా రెండు వైపుల చినుకులూ విశాఖ రేవు ముందు నుంచి వెళ్తాయంటే అతిశయోక్తి ఏమీ లేదు.

జలవిభాజక రేఖతో ఇంకో చిక్కుంది. కత్తి అంచులాంటి శిఖరం మీద ఆ రేఖ స్పష్టంగా కనిపిస్తుంది. కనుమ దగ్గర గట్టు వెడల్పై, చదునై, నీరు ఎటు జారుతుందో కంటికి ఆనదు. కనుమల దగ్గరే తగాదాలు పుట్టడానికి ఇదొక కారణం, అక్కడే మనుషులు ఎదురెదురు పడతారన్నది రెండోది. 1967లో నాథూలా దగ్గర రెండు సైన్యాల మధ్య దూరం గజాల్లో ఉండేది. తోపులాటలు ఎక్కువయ్యేసరికి, 17వ పర్వత డివిజన్‌కు అధిపతిగా ఉన్న మేజర్ జనరల్ సగత్ సింగ్ జలవిభాజక రేఖ వెంట ఇనుప కంచె వేయించడం మొదలుపెట్టాడు. సెప్టెంబరు 11న కంచె వేస్తున్నవాళ్ల మీద చైనా వైపు నుంచి కాల్పులు మొదలయ్యాయి, ఫిరంగులు మూడు నాలుగు రోజులు మోగాయి. అక్టోబరు 1న చో లా దగ్గర మరోసారి. నీళ్లు ఎటు పారతాయన్న ప్రశ్న మీద ప్రాణాలు పోయాయి.

1890 ఒడంబడికలోనే దాగి ఉన్న వైరుధ్యం, ఈ కాల్పులు జరిగిన యాభై ఏళ్ల తర్వాత 2017లో, భారత, భూటాన్, చైనా హద్దులు కలిసే డోక్లాం దగ్గర బయటపడింది. హద్దు గిప్‌మోచీ శిఖరం దగ్గర మొదలవుతుందని కాగితం చెప్తుంది, జలవిభాజకం వెంట పోతుందనీ అదే కాగితం చెప్తుంది. నేల మీద చూస్తే జలవిభాజకం గిప్‌మోచీ గుండా కాక, ఉత్తరాన బతాంగ్ లా గుండా పోతుందన్నది భారత, భూటాన్‌ల వాదన. చైనా గిప్‌మోచీ పేరును పట్టుకుంది. రెండు సైన్యాలు 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డాయి. 1890లో బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు కొండను ఒకసారి కొలిపించి ఉంటే బాగుండేది.

కొలవడమంటే గుర్తొచ్చింది. అప్పటికి నలభై ఏళ్ల ముందే ఒకాయన ఈ కొండల్ని నీళ్లు కాచి కొలిచాడు. డార్విన్‌కు ప్రాణస్నేహితుడు, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్. 1848 నుంచి 1850 దాకా సిక్కిం కొండల్లో తిరుగుతూ రోడోడెండ్రాన్ జాతుల్ని సేకరించి లోకానికి చూపించినవాడు. 1849 నవంబరులో చో లా దాకా వెళ్లాడు, తిరిగొస్తుండగా సిక్కిం అధికారులు ఆయన్నూ, వెంట ఉన్న డార్జిలింగ్ పాలకుడు క్యాంబెల్‌నూ నిర్బంధించారు. ఆ సాకుతో బ్రిటిష్‌వాళ్లు సిక్కిం దక్షిణ భాగం కొంత లాక్కున్నారు. మనకు ఇక్కడ కావలసింది హుకర్ మూటలోని ఉష్ణమాపకం. చిన్న పాత్రలో నీళ్లు మరిగించి అందులో ఉష్ణమాపకం పెడితే ఎత్తెంతో తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ మన నెత్తిన గాలి తగ్గుతుంది, గాలి నొక్కిడి తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది. ఉజ్జాయింపుగా 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున దిగుతుంది. నాథూలాలో నీళ్లు 86 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడ దుకాణంలో టీ తెర్లుతూనే ఉంటుంది, నాలుక మాత్రం మన ఊళ్లోలా కాలదు. కుక్కర్ లేకుండా కందిపప్పు పెడితే సాయంత్రం దాకా పలుకు పలుకుగానే ఉంటుంది. మంట ఎంత పెంచినా లాభం లేదు, నీళ్లు ఆవిరైపోతాయి తప్ప వేడి పెరగదు.

ఈ నొక్కిడి సంగతి కళ్లతో చూడాలంటే ఖర్చులేని ప్రయోగం ఒకటుంది. గాంగ్‌టక్ బజారులో కొన్న చిప్స్ పొట్లం సీటు మీద పెట్టుకోండి. ఛాంగూ దాటేసరికి అది ఉబ్బి గట్టిపడుతుంది, వేలితో తడితే టకటకమంటుంది. లోపలి గాలి బజారుది, బయటి గాలి కొండది. ఇప్పుడు తాగేసిన లీటరు నీళ్ల సీసాను నాథూలా దగ్గర కాసేపు తెరిచి ఉంచి, మూత గట్టిగా బిగించి సంచిలో వేసుకోండి. సాయంత్రం గాంగ్‌టక్ చేరేసరికి దాని డొక్కలు లోపలికి పోయి ఉంటాయి. మర్నాడు సిలిగురి మైదానంలోకి దిగాక చూస్తే పూర్తిగా నలిగి, ముప్పాతిక కన్నా తక్కువ గాలి పట్టే వంకర ఆకారంలో ఉంటుంది. దాన్ని నలిపింది మీ చుట్టూ ఎప్పుడూ ఉండే గాలే.

నాథూలాలో గాలి నొక్కిడి సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు 58 శాతం. గాలిలో ఆక్సిజన్ వంతు అక్కడా ఇక్కడా ఒకటే, నూటికి 21 పాళ్లు. పైన ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అంటారు, అది పొరపాటు. తగ్గేది మొత్తం గాలి. కాకినాడలో వంద గుక్కల్లో లోపలికి పోయే ఆక్సిజన్ కోసం ఇక్కడ సుమారు 170 గుక్కలు పీల్చాలి.

కరోనా రోజుల పుణ్యమా అని వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఇంటింటికీ వచ్చింది. దాన్ని వెంట తీసుకెళ్తే చూడొచ్చు. కింద 97, 98 చూపించినది పైన ఆరోగ్యవంతుడి వేలికే 80 నుంచి 88 మధ్య చూపిస్తుంది. అదే అంకె 2021లో మన ఊళ్లో కనిపించి ఉంటే అంబులెన్స్ పిలిచేవాళ్లం. ఇక్కడ ఆ మనిషి మంచు ముద్దలు చేసి విసురుతుంటాడు. ఒక ముఖ్యమైన తేడా ఉంది: ఇతను రెండు గంటల్లో కిందికి వెళ్లిపోతాడు.

శరీరం ఊరుకోదు. మెడలోని పెద్ద ధమనుల దగ్గరున్న చిన్న గ్రాహకాలు ఆక్సిజన్ తగ్గిందని నిమిషాల్లో పసిగట్టి ఊపిరి వేగం పెంచుతాయి. అయితే ఊపిరి ఎక్కువగా తీస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. మెదడు దాన్ని ప్రమాదంగా చూసి, ఊపిరి తగ్గించమంటుంది. ఒకటి పెంచమంటుంది, ఇంకొకటి తగ్గించమంటుంది. రాత్రి నిద్రలో ఈ పెనుగులాట బాగా కనిపిస్తుంది: కొండ మీద పడుకున్నవాడు గబగబా ఊపిరి తీసి, కొన్ని క్షణాలు అసలు ఆపేసి, ఉలిక్కిపడి మళ్లీ తీస్తాడు. ఈ తగువును తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బొనేట్‌ను మూత్రంలో వదిలేసి రక్తాన్ని సర్దుతాయి, కానీ ఆ పనికి రోజులు పడుతుంది. ఎర్రకణాలు పెరగడానికి వారాలు. కొండ ఎక్కేవాళ్లకు వైద్యులు రాసే అసిటజోలమైడ్ మాత్ర చేసేది కూడా మూత్రపిండాల పనిని కాస్త తొందరపెట్టడమే.

శరీరానికి తన పద్ధతి ఒకటుంది, దానికి గడువు రోజుల్లో. ఆ గడువు ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, నిద్రలేమి వస్తాయి. ఇది కొత్తగా కనుక్కున్నదేం కాదు. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి చైనా హాన్ వంశ చరిత్రలోనే, పడమటి దారిలో పెద్ద తలనొప్పి కొండ, చిన్న తలనొప్పి కొండ అనే పేర్లున్న చోట్లు నమోదయ్యాయి. తలనొప్పి మొదలు కావడానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పర్యాటకులు చాలామంది బతికిపోతున్నది ఈ ఆలస్యం వల్లే. జబ్బు మొదలయ్యేలోపు వాళ్లు గాంగ్‌టక్‌లో మోమోలు తింటూ ఉంటారు.

దిగే వీలు లేనివాడికి కథ వేరు. 1962 యుద్ధంలో భారత సైన్యం మైదానాల నుంచి జవాన్లను హడావుడిగా లడాఖ్, ఈశాన్య హిమాలయాల ఎత్తులకు చేర్చింది. తుపాకీ గుండు తగలకుండానే చాలామంది పడిపోయారు. కొందరిలో రెండో రోజో మూడో రోజో దగ్గు మొదలై, నురగ, గులాబీ రంగు కళ్లె పడి, కూర్చున్నచోటే ఆయాసం వచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. చూసినవాళ్లు మామూలు న్యుమోనియా అనుకోవడం సహజం. ఇది అది కాదని అమెరికా వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ 1960లో రాశాడు. కానీ పెద్ద ఎత్తున దీన్ని పరిశీలించే అవకాశం, అంటే దురదృష్టం, దక్కింది భారత సైనిక వైద్యులకు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికుల్లో కొండ జబ్బు తీరును 1969లో ప్రచురించారు. ప్రపంచంలో ఎత్తుల వైద్యం గురించి ఎవరు రాసినా ఆ వ్యాసాన్ని తలవకుండా ఉండరు.

ఊపిరితిత్తుల్లో నీరెందుకు చేరుతుంది? ఊపిరితిత్తిలో ఒక మూలకు గాలి అందకపోతే అక్కడి రక్తనాళాలు బిగుసుకుని, రక్తాన్ని గాలి బాగా ఉన్న చోటికి మళ్లిస్తాయి. మైదానంలో ఇది తెలివైన ఏర్పాటు. కొండ మీద ఏ మూలకూ గాలి చాలదు కాబట్టి అన్ని చోట్లా నాళాలు బిగుసుకుంటాయి, అదీ ఒకే తీరుగా కాదు. తక్కువ బిగిసిన చోట్లలోకి రక్తం ఉరవడిగా వచ్చిపడి, సన్నటి కేశనాళికల గోడలు కారతాయి. మందు కిందికి దించడమే. మిగతావన్నీ దించేదాకా కాలక్షేపం.

ఈ అనుభవం నుంచే సైన్యం ఎత్తుకు అలవాటు చేసే పద్ధతి పెట్టుకుంది. 9,000 అడుగుల నుంచి 12,000 అడుగుల దాకా ఆరు రోజులు, ఆపైన 15,000 దాకా ఇంకో నాలుగు రోజులు. నాథూలా 14,140 అడుగులు. అంటే అక్కడ కాపలా కాయబోయే జవాను పది రోజులు మెట్టుమెట్టుగా ఎక్కాలి, మొదటి రోజుల్లో విశ్రాంతి, తర్వాత నడక, తర్వాత బరువు మోసి నడక. పర్యాటకుడు మూడు గంటల్లో ఎక్కే దారిలోనే ఇదంతా.

ఈ కొండల సొంత జీవులకు ఈ తిప్పలు లేవు. జడలబర్రె ఊపిరితిత్తుల నాళాల గోడలు పలచన, ఆక్సిజన్ తగ్గినా అవి పెద్దగా బిగుసుకోవు. మామూలు ఆవుల్ని ఎత్తయిన చోట్లకు తోలితే కొన్నిటికి నాళాలు మందమై, గుండె అలసి, ఛాతీ కింద నీరు దిగుతుంది. టిబెట్ మనుషుల సంగతి ఇంకా విచిత్రం. ఎత్తున ఉంటే హిమోగ్లోబిన్ పెరగాలని మనం అనుకుంటాం. దక్షిణ అమెరికా ఆండీస్ కొండల వాసుల్లో అలాగే పెరుగుతుంది, కొందరిలో మరీ పెరిగి రక్తం చిక్కబడి జబ్బు చేస్తుంది. టిబెటన్లలో అది అంతగా పెరగదు. ఈపీఏఎస్1 అనే జన్యువులో వాళ్లకున్న తేడా దీనికి కారణమని 2010లో తేలింది. ఆ జన్యు భాగం అంతరించిపోయిన డెనిసోవన్ అనే ప్రాచీన మానవజాతి నుంచి వచ్చిందని 2014లో ఇంకో పరిశోధన చూపించింది. చుంబీ లోయ నుంచి ఉన్ని మూటలతో నాథూలా ఎక్కి వచ్చిన వర్తకుడి రక్తంలో అంత పాత వారసత్వం ఉంది.

ఆ వర్తకం గురించి రెండు మాటలు. లాసా నుంచి చుంబీ లోయ మీదుగా కాలింపాంగ్‌కు వచ్చే దారుల్లో ఉన్ని ప్రధాన సరుకు. దాంతోపాటు వచ్చే చిన్న సరుకుల్లో రెండు మన ఇళ్ల దాకా వచ్చినవే. ఒకటి వెలిగారం. బంగారాన్ని అతకడానికి కంసాలి వాడే ఆ తెల్లటి పలుకులు టిబెట్ ఉప్పు సరస్సుల ఒడ్డున దొరికేవి. పంతొమ్మిదో శతాబ్దంలో వేరే దేశాల్లో గనులు బయటపడేదాకా లోకానికి వెలిగారం ముఖ్యంగా టిబెట్ నుంచే హిమాలయ కనుమలు దాటి వచ్చింది. రెండోది చామరం. గుడిలో స్వామికి విసిరే ఆ తెల్లటి కుచ్చు చమరీమృగం తోక, అంటే జడలబర్రె తోకే. 2006 జూలై 6న నాథూలా 44 ఏళ్ల తర్వాత వర్తకానికి తిరిగి తెరిచినప్పుడు టిబెట్ నుంచి తేవడానికి అనుమతించిన 15 సరుకుల జాబితాలో వెలిగారం, జడలబర్రె తోక రెండూ ఉన్నాయి. అధికారులు పాత జాబితాను దుమ్ము దులిపి అంటించినట్టుంది, 21వ శతాబ్దపు వ్యాపారులకు వాటితో పెద్దగా పని పడలేదు.

బిడారుల రోజుల్లో నాథూలా దాటినవాళ్లకు ఎత్తు జబ్బు పెద్ద సమస్య కాలేదంటే వాళ్లకు ఆక్సిజన్ శాస్త్రం తెలిసి కాదు. గాడిద నడకే వాళ్ల వైద్యుడు. 1956లో బుద్ధుడి 2,500వ పరినిర్వాణ వార్షికోత్సవాలకు దలైలామా ఇటుగా వచ్చాడు. 1958లో నెహ్రూ భూటాన్ వెళ్లడానికి ఈ కనుమే దాటాడు, అప్పటికి భూటాన్‌కు మోటారు రోడ్డు లేదు మరి. కనుమ అవతల చుంబీ లోయ గుండా గుర్రాల మీద, జడలబర్రెల మీద ప్రయాణం. ప్రధానమంత్రి అయినా కొండ వేగంతోనే పోవాల్సి వచ్చింది.

1962లో మూతపడ్డ కనుమ 2006లో తెరుచుకుని, 2015లో కైలాస మానససరోవర యాత్రికులకు దారి అయింది. డోక్లాం ఉద్రిక్తత వల్ల 2017లో ఆగింది, 2020లో కరోనాతో అంతా మూతపడింది. 2025లో యాత్ర మళ్లీ ఇటుగా సాగింది, వర్తకం తిరిగి తెరవడానికీ రెండు దేశాలు ఒప్పుకున్నాయి. యాత్రికుల్ని నేరుగా పైకి పంపరు. దారిలో వేర్వేరు ఎత్తుల్లో ఆపి, రాత్రుళ్లు పడుకోబెట్టి, వైద్య పరీక్షలు చేశాకే కనుమ దాటనిస్తారు. యాభై అరవై ఏళ్ల వయసులో బయల్దేరేవాళ్లు అందులో చాలామంది ఉంటారు కాబట్టి ఇది అవసరమైన ఆలస్యం.

వాతావరణం కూడా ఈ కొండ మీద మన లెక్కకు రాదు. బంగాళాఖాతం తేమ నేరుగా ఎగబాకి వచ్చే దారిలో ఉండటంతో గాంగ్‌టక్‌కు ఏడాదికి 3,500 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, హైదరాబాద్‌కు నాలుగింతల పైమాట. శ్రేణి దాటాక తేమ చాలావరకు అయిపోతుంది, చుంబీ లోయ పైకొసన ఉన్న ఫరి చేరేసరికి చెట్టే కనిపించదు. ఇటు వైపు వాలు మీద అదే తేమ చలికాలంలోనూ, వసంతంలోనూ మంచై పేరుకుంటుంది. 2018 డిసెంబరు చివర్లో అకస్మాత్తుగా కురిసిన మంచులో రెండు వేలకు పైగా పర్యాటకులు ఛాంగూ, నాథూలా దారిలో చిక్కుకుపోతే సైనికులు తమ బారకాసుల్లో పడుకోబెట్టి కాపాడారు. 2023 ఏప్రిల్ 4న ఇదే రోడ్డు మీద మంచు చరియ విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. ఏప్రిల్ నెల ప్రమాదకరమనిపించదు మనకు. ఎండ పెరిగి మంచు పొరల మధ్య పట్టు సడలేది మాత్రం అప్పుడే.

నాథూలా చూడటానికి వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. వెళ్లేవాళ్లకు చెప్పాల్సినవి కొన్నే. బాగ్‌డోగ్రాలో విమానం దిగిన మర్నాడే పైకి పోయేలా ప్రణాళిక వేసుకోవద్దు, గాంగ్‌టక్‌లో కనీసం రెండు రాత్రులు గడపండి. పైన మంచు చూసిన సంబరంలో పరుగెత్తొద్దు, మెట్లు నింపాదిగా ఎక్కండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లిదండ్రులు ముందుగా వైద్యుణ్ని అడగండి, వద్దంటే ఛాంగూ దాకా కూడా వెళ్లకండి. బజారులో అమ్మే డబ్బా ఆక్సిజన్ కొన్ని నిమిషాలకు సరిపోతుంది, దాన్ని నమ్ముకుని పైన ఎక్కువసేపు ఉండటం తెలివితక్కువ. తలనొప్పికి వాంతి తోడైతే, నడక తూలితే, కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఇంకో పది నిమిషాలు చూద్దామనుకోకండి. డబ్బులు కట్టాం కదా, ఇంత దూరం వచ్చాం కదా అని మొహమాటపడకుండా బండి కిందికి తిప్పమని డ్రైవరుకు చెప్పండి. ఆ దారిలో బండి నడిపేవాళ్లకు ఇది అలవాటైన సంగతే, ఎందుకని ఎవరూ అడగరు.